నెమ్మదిగా నడిచే బండి

తవిటయ్య పదేళ్లకు పైగా జగ్గారావు మాట మీద ఇంజన్ల కింద చేతులు పెట్టాడు.

రైలింజన్లు బాగుచేసే టాటానగర్ లోకో షెడ్డులో పని అలాంటిది. ఫిట్టర్లు జోడీలుగా ఉంటారు. ఒకడు గోతిలోకి దిగి ఇంజను కడుపు కిందికి దూరతాడు. రెండోవాడు పైన నిలబడి బ్రేకు చూసుకుంటాడు, గడ్డపారతో చక్రాన్ని అంగుళం అటూ ఇటూ జరుపుతాడు. కింద ఉన్నవాడికి పైన ఏం జరుగుతోందో కనిపించదు. పైవాడు ‘పెట్టు’ అంటే చెయ్యి పెట్టాలి, ‘తియ్’ అంటే తియ్యాలి. మధ్యలో తల పైకెత్తి చూడకూడదు. జోడీదారు బిగించిన నట్టు మీద మళ్లీ పానా వెయ్యకూడదు. వేశాడంటే నలుగురి ముందు వాడి చెంప మీద కొట్టినట్టే. ఖరగ్‌పూర్ నుంచి కొత్తగా వచ్చిన ఒకతను ఓసారి ఆ పని చేశాడు. అతని జోడీదారు పనిముట్లు అక్కడే పడేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతనితో గోతిలోకి దిగడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

తవిటయ్య కింద, జగ్గారావు పైన. జగ్గారావు తవిటయ్య భార్య పైడమ్మకి స్వయానా అన్న. ఇచ్ఛాపురం వైపు నుంచి చేతిసంచీతో వచ్చిన తవిటయ్యని షెడ్డులో ఖలాసీగా చేర్పించింది అతనే, తర్వాత చెల్లెల్ని ఇచ్చిందీ అతనే. తవిటయ్య ఎవరి దగ్గరా శిష్యరికం చెయ్యలేదు. పనివాళ్ల చేతుల్ని చూస్తూ చూస్తూ ఫిట్టరయ్యాడు. జగ్గారావు మనిషి మంచి మాటకారి. ఇంజను బాగుపడితే ఎలా బాగుపడిందో షెడ్డంతటికీ అతనే చెప్పేవాడు. తవిటయ్య చేతులు కడుక్కుంటూ వినేవాడు. చెప్పేవాడొకడు ఉండటం అతనికి హాయిగానే ఉండేది.

ప్రతి శీతాకాలం డిమ్నా దగ్గర, దల్మా కొండ కింద, ఊళ్లోని మోటారుసైకిళ్ల క్లబ్బువాళ్లు ఒక పోటీ పెట్టేవారు. వేగంతో పని లేని పోటీ అది. ఎండిపోయిన వాగులో బండరాళ్ల మీదుగా, బురదగట్ల మీదుగా, చెట్ల వేళ్ల మధ్యగా బండి నడపాలి. కాలు నేలకి ఆనితే ఒక తప్పు. బండి ఆగిపోతే ఐదు తప్పులు. గండి అని పిలిచే ప్రతి కష్టమైన చోటా ఒక మనిషి నిలబడి లెక్క వేస్తాడు. తప్పులు ఎవరికి తక్కువో వాళ్లది గెలుపు.

ఒక ఆదివారం తవిటయ్య అది చూడ్డానికి వెళ్లాడు. పెద్ద పెద్ద బుల్లెట్లు వచ్చాయి. గర్జిస్తూ వాగులోకి దిగాయి, రాళ్ల మధ్య ఇరుక్కున్నాయి, పక్కకి ఒరిగాయి. మెట్లబండ అని పిలిచే చోట, ఒకదానిమీదొకటి పేర్చినట్టుండే బండల మీద, ఒక్కడంటే ఒక్కడు కాలు పెట్టకుండా ఎక్కలేకపోయాడు. తవిటయ్య పొద్దు వాలేదాకా ఆ బండ దగ్గరే గొంతుక్కూచున్నాడు. ఇంటికొచ్చాక పైడమ్మతో అన్నాడు:

“ఆళ్ల బండ్లకి బలం ఎక్కువైపోనాది. అక్కడ కావలసింది బలం కాదు.”

“మరేటి కావాల?”

“ఓపిక.”

“అది బండికెలగ పెడతావు మావా?”

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి అతనికి రెండేళ్లు పట్టింది. అప్పటినుంచీ అతనికి ఒకటే కోరిక. తన చేత్తో కట్టిన బండి మీద, కాలు ఆనకుండా మెట్లబండ ఎక్కాలి.

జుగ్సలాయ్‌లో పాత ఇనుము కొట్టువాడి దగ్గర, తుక్కు కింద ఒక బి.ఎస్.ఎ. బాంటమ్ దొరికింది. ఎప్పుడో విలాయతీ నుంచి వచ్చిన చిన్న బండి. చట్రం, ఇంజను మాత్రం ఉన్నాయి, తక్కినవి లేవు. తవిటయ్య దగ్గర కొనేంత డబ్బు లేదు. కొట్టువాడి కప్పీలూ, తూకం కాటాలూ చాలాకాలంగా మొరాయిస్తున్నాయి. ఆదివారాలు వెళ్లి వాటిని బాగుచేసిపెట్టి, బదులుగా బండి తెచ్చుకున్నాడు. ఆ పక్క సందులోని లేతు కొట్టులోనూ ఇదే బేరం. వాళ్ల పనిముట్లకి సాన పట్టేవాడు, వాళ్లు లేతు ఖాళీగా ఉన్నప్పుడు వాడుకోనిచ్చేవారు.

వెనక చక్రానికి, చైను తిరిగే చోట, పళ్లు ఎక్కువున్న పెద్ద స్ప్రాకెట్టు కావాలి, అప్పుడే బండి నడకలా సాగుతుంది. మందపాటి రేకు కోసి, ఒక్కొక్క పన్నూ ఆకురాయితో తీశాడు. పొగగొట్టం రాళ్లకి తగలకుండా పైకి వంచాలి. గొట్టం నిండా పొడి ఇసుక దట్టించి, బొగ్గుల మీద ఎర్రగా కాల్చి వంచాడు, ఎక్కడా నొక్కుపడలేదు. కాళ్లు పెట్టుకునే కమ్మీలు వెనక్కి జరిపాడు, నిలబడి నడపాలి కాబట్టి. సీటు బదులు సైకిలు సీటు తగిలించాడు. అరిగిన టైరుని కత్తితో గాట్లు పెట్టి గరుకుగా చేశాడు.

ఒకరోజు పైడమ్మ వంటింట్లోంచి కేకేసింది:

“మావా, నా రొట్టెల పెనం ఏటైపోనాది?”

“ఇంజను కింద ఉన్నాది. రాళ్లు తగిల్తే ఇంజను పగిలిపోదా మరి!”

“అయితే రేపట్నుంచి ఆ రాళ్ల మీదే కాల్చుకో నీ రొట్టెలు!”

బండి పర్సుడీహ్ సందులో అతని అద్దె గదుల్లో పట్టదు. అందుకని బాగ్‌బేరాలో జగ్గారావు క్వార్టరు వసారాలో పెట్టుకుని పని చేసేవాడు. జగ్గారావు పక్కన స్టూలు వేసుకుని, బీడీ కాలుస్తూ కూర్చునేవాడు. అడిగింది అందించేవాడు. దారిన పోయేవాళ్లకి వివరాలు చెప్పేవాడు.

“ఏటి బావా ఇది? బండా, మేకా?”

“కొండెక్కాలంటే మేకే నయం.”

బండి మొత్తం తేలికైపోయాక తవిటయ్య ఒక పని చేశాడు. అది చూసి జగ్గారావు స్టూలు మీంచి లేచాడు. ఇంజను పక్కన మూత లోపల, మెరుపు పుట్టించే అయస్కాంతాల చక్రం ఒకటి ఇంజనుతోపాటే తిరుగుతూ ఉంటుంది. తవిటయ్య దాని చుట్టూ ఒక బరువైన ఇనప కడియం తొడుగుతున్నాడు.

“అందరూ బరువు తగ్గించుకుంతారు. నువ్వేటి తగిలిత్తన్నావు?”

“బండికి తగ్గించినాను. సెక్రానికి పెంచుతన్నాను. ఎక్కేటప్పుడు గేసు కట్టేత్తే ఇంజను సచ్చిపోద్ది కదా, అప్పుడు ఈ బరువే దాన్ని లాక్కెల్తాది. తిరగలి రాయి చూడు, చెయ్యి ఒగ్గేసినా ఓ చుట్టు తిరుగుద్ది.”

కడియం అతికించడానికి మరలు వాడలేదు. రైలు చక్రానికి ఉక్కు పట్టా ఎలా ఎక్కిస్తారో అలాగే చేశాడు. కడియం లోపలి కొలత చక్రం కంటే వెంట్రుకంత తక్కువ ఉంచి, బొగ్గుల మీద కాల్చి, వేడికి సాగిన క్షణంలో చల్లటి చక్రం మీదకి దింపాడు. చల్లారేసరికి అది కరిచి పట్టుకుంది. మొదటిది వదులై తిరిగిపోయింది, రెండోది నిలిచింది. ఆ తర్వాత దాన్ని రెండు కమ్మీల అంచుల మీద దొర్లించి, బరువున్న వైపు కిందికి తిరుగుతుంటే అక్కడ కొంచెం కొంచెం తొలిచి, ఎక్కడ ఆపితే అక్కడ ఆగేదాకా సరిచేశాడు. అయస్కాంతాల చక్రం, కడియం ఇప్పుడు ఒకే ముక్క.

తర్వాత కిక్కు కొట్టాడు. చేతిపిడి తిప్పి గేసు పూర్తిగా కట్టేశాడు. మామూలు బండయితే ఆగిపోవలసిందే. ఇది ఆగలేదు. టక్... టక్... టక్... అంటూ, మధ్యలో ఇంకో చప్పుడు పట్టేంత ఖాళీ వదులుతూ, తీరిగ్గా కొట్టుకుంది. జగ్గారావు బీడీ ఆర్పేసి చెవి దగ్గరగా పెట్టాడు.

“ముసలోడు సుట్ట కాల్చుకుంతూ కొండెక్కుతున్నట్టున్నాది బావా!”

తవిటయ్య నవ్వాడు. ఆ మాట అతనికి నచ్చింది.

ఆ వసారాలో చూసినవాళ్ల ద్వారానే ఈ సంగతి బలరామ్‌కి చేరింది. బలరామ్‌కి పర్సుడీహ్‌లో లారీలు, పెద్ద గరాజు ఉన్నాయి. క్లబ్బులో అతనిదే పైచెయ్యి. కలకత్తా నుంచి అతనూ ఒక బాంటమ్ తెప్పించాడు, అన్నీ కొత్తవి వేయించాడు. కానీ నెమ్మదిగా నడిపితే చాలు, దగ్గి ఆగిపోయేది. జగ్గారావు అప్పుడప్పుడు ఆ గరాజుకి వెళ్లి వస్తున్నాడని తవిటయ్యకి తెలుసు. అందులో తప్పేముంది అనుకున్నాడు. జగ్గారావు ఎక్కడ నాలుగు మాటలు దొరికితే అక్కడ కూర్చునే మనిషి.

పోటీకి ముందురోజు తవిటయ్యకి డ్యూటీ పడింది. బండి చూసుకోవడానికి వీలు కాలేదు.

“నానున్నాను గదా బావా” అన్నాడు జగ్గారావు. “నూనెలు, సైను, అన్నీ సూసేసి ఉంచుతాను. పొద్దున్నే వచ్చి ఎక్కడవే.”

మర్నాడు పొద్దున్న తవిటయ్య బాగ్‌బేరా వెళ్లేసరికి బండి వసారా ముందు తుడిచి నిలబెట్టి ఉంది. హ్యాండిలుకి బంతిపూల దండ కూడా వేశాడు జగ్గారావు.

“అంతా ఫిట్. కార్బురేటరు కడిగినాను.”

తవిటయ్య కిక్కు కొట్టాడు. ఇంజను అందుకుంది. కానీ పాదానికి ఏదో తేడాగా తగిలింది.

“కిక్కు తేలిగ్గా ఉన్నాదేటి బావా?”

“కడిగినాను గదా. గాలి బాగా లాగుతంది.”

తవిటయ్య కిందికి వంగాడు. చెయ్యి పక్క మూత దాకా వెళ్లింది. నాలుగు మరలు, విప్పితే నిమిషం పని. తలెత్తి చూస్తే జగ్గారావు అక్కడే నిలబడి తన చేతినే చూస్తున్నాడు. తవిటయ్యకి సిగ్గేసింది. పదేళ్లు చేతులు నమ్మిన మాటని ఒక కిక్కు కోసం అనుమానించడమా? మూత మీద లేని దుమ్ముని చేత్తో తుడిచి లేచాడు.

“నువ్వెలగొత్తావు?”

“బలరామ్‌ లారీ అటే ఎల్తన్నాది. దాంట్లో వచ్చేత్తాను.”

డిమ్నా దాకా రోడ్డు మీద బండి బాగానే పరిగెత్తింది. మొదటి గండి మట్టిగట్టు, గేసు తెరిచి ఎక్కేశాడు. రెండోది బురద, అదీ దాటాడు. రెండు చోట్లా కాలు పెట్టలేదు. గట్టు మీద జనంలోంచి ఎవరో “ఏ తెలుగువాలా, షాబాష్!” అని అరిచారు. షెడ్డు నుంచి వచ్చినవాళ్లు ఈలలు వేశారు.

మూడోది మెట్లబండ.

తవిటయ్య నిలబడి, మోకాళ్లు సడలించి, మొదటి బండకి ముందు చక్రం ఆనించాడు. గేసు కట్టేశాడు. ఇక్కడినుంచి కడియం లాక్కెళ్లాలి. రెండేళ్లు అతను కట్టింది ఈ క్షణం కోసమే. ముందు చక్రం లేచింది. ఇంజను ఒక్కసారి దగ్గింది, ఆగిపోయింది.

బండి వెనక్కి జారింది. కాలు పెట్టాడు. మళ్లీ కిక్కు కొట్టి, మళ్లీ ఎక్కించబోయాడు. మళ్లీ అదే దగ్గు, అదే చావు. మూడోసారి గేసు తెరిచి ఎక్కించబోతే చక్రం రాయి మీద గిర్రున తిరిగి బండి పక్కకి పడింది. లెక్క వేసే మనిషి చేత్తో సైగ చేశాడు. ఇక పక్కకి తప్పుకోవాలి.

బండిని గట్టుకి నెట్టుకొచ్చి, ఒక రాయి మీద కూర్చున్నాడు. తన లెక్కే తప్పిందేమో అనుకున్నాడు. కడియం చలికి సడలిందా? కార్బురేటరులో నీళ్లు చేరాయా? కారణాలు ఒక్కొక్కటే వెతుక్కున్నాడు. వెతికినంతసేపూ తప్పు తనలోనే వెతికాడు.

ఆ తర్వాత వంతు బలరామ్‌ది.

బలరామ్ వాగులోకి దిగాడు. బండ దగ్గరికి వచ్చి గేసు కట్టేశాడు. అప్పుడు తవిటయ్య తలెత్తాడు.

టక్... టక్... టక్...

తీరిగ్గా, ఒక చప్పుడికీ ఇంకో చప్పుడికీ మధ్య ఖాళీ వదులుతూ, ముసలోడు చుట్ట కాల్చుకుంటూ ఎక్కుతున్నట్టు. కలకత్తా నుంచి వచ్చిన కొత్త బండి లోపలినుంచి తన చేతిపని పలుకుతోంది. తల్లి తన బిడ్డ ఏడుపుని గుర్తుపట్టినంత తేలిగ్గా గుర్తుపట్టాడు. మొదటి బండ ఎక్కింది, రెండోది ఎక్కింది, ఆగలేదు. బలరామ్ కాలు ఎక్కడా ఆనలేదు.

తవిటయ్య బలరామ్‌ని చూడలేదు. జనంలో జగ్గారావుని వెతికాడు. ముందు వరుసలోనే ఉన్నాడు. అరచెయ్యి కిందికి పెట్టి, ‘నెమ్మది, నెమ్మది’ అని బలరామ్‌కి సైగ చేస్తున్నాడు. షెడ్డులో గోతి బయట బరువు దింపేటప్పుడు తవిటయ్యకి చేసే సైగే అది.

బలరామ్ పైకెక్కగానే జనం చప్పట్లు కొట్టారు. అతను బండి దిగి జగ్గారావు భుజం మీద చెయ్యి వేసి అందరికీ వినిపించేలా అన్నాడు:

“ఉస్తాద్ హై హమారా! సబ్ ఇన్‌కా దిమాగ్ హై!”

బుర్రంతా ఇతనిదే, అని. జగ్గారావు తల వంచుకుని నవ్వుతున్నాడు. కొత్త పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు.

తవిటయ్య లేచి అరవలేదు. ఎవరికి చెప్పాలి? ఏమని చెప్పాలి? బలరామ్ బండి విప్పించమనాలంటే ఆ కడియం తనదని ఒక సాక్షి కావాలి. అది తయారవుతున్నప్పుడు మొదటినుంచి చివరిదాకా పక్కనుండి చూసిన సాక్షి ఒక్కడే. వాడు అక్కడ దండ వేయించుకుంటున్నాడు.

డిమ్నా నుంచి తిరిగొస్తూ దారిలో ఒక సాల్ చెట్టు కింద ఆగి, మూత మరలు విప్పాడు. లోపల చక్రం నున్నగా, బోడిగా ఉంది. కడియం లేదు. ఈ చక్రమే తనది కాదు, బలరామ్ బండిది. అంచుల మీద దాన్ని లాగి తీసిన గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. జగ్గారావు పనిముట్టు కొంచెం వంకరగా పట్టుకుంటాడు. గీతలు కూడా వంకరగానే ఉన్నాయి. మూత మళ్లీ బిగించి, బండి ఎక్కి ఇంటికి వచ్చాడు.

సాయంత్రం జగ్గారావే పర్సుడీహ్ వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. పైడమ్మ పీట వేసింది. అతను కూర్చోలేదు.

“కూకో బావా” అన్నాడు తవిటయ్య.

“కోపంగా ఉన్నావు.”

“మూత విప్పి సూసినాను.”

జగ్గారావు పొట్లం గట్టు మీద పెట్టాడు. అతను మాటల కోసం వెతుక్కోవడం తవిటయ్య అప్పుడే మొదటిసారి చూశాడు.

“ఒక్క పోటీకేరా బావా. ఆడు బతిమాలినాడు. ఇనప ముక్క గదా, నువ్వు ఇంకోటి సేసుకోగలవు.”

“సేసుకోగలను.”

“మరేటి?”

“నువ్వడిగుంటే ఆడికీ ఒకటి సేసి ఇచ్చుందును. నాకేటి పోద్ది? రెండు బండ్లూ ఎక్కేవి.”

జగ్గారావు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నువ్వు సేసి ఇత్తే అది నీ పనే కదా! అక్కడ కుర్చీ ఏత్తారు నాకు. గాజు గ్లాసులో టీ ఇత్తారు. ఉస్తాదూ, ఇదెలగ సెయ్యాలి, అదెలగ సెయ్యాలి అని అడుగుతారు. ఆ కడియం ఆలోసన నాదని సెప్పినాను. సెప్పినాక సూపించకపోతే ఎలగ? పదేళ్లబట్టి పెట్టు, తియ్, పెట్టు, తియ్... ఇదే నా బతుకు. షెడ్డులో ఒక్కడైనా నన్ను మిస్త్రీ అన్నాడా?”

“నువ్వు పెట్టమంటే పెట్టినాను, తియ్యమంటే తీసినాను. నా రెండు సేతులూ ఇయ్యాల ఉన్నాయంటే అది నీ పనే. అంతకంటే పెద్ద మిస్త్రీతనం ఉన్నాదని నాను అనుకోలేదు.”

“ఇప్పుడు సెప్తన్నావు” అన్నాడు జగ్గారావు. “అప్పుడెప్పుడూ సెప్పలేదు.”

జగ్గారావు చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. పైడమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మిఠాయి పొట్లం గట్టు మీద అలాగే ఉండిపోయింది. చీమలు పట్టాక తీసి బయట పడేసింది.

సోమవారం షెడ్డులో తమ పైఅధికారి, చార్జ్‌మన్ ముఖర్జీ బాబు ముందుకు వెళ్లి తవిటయ్య జోడీ మార్చమన్నాడు. ముఖర్జీ బాబు కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని, ఏమైంది, గొడవా అని అడిగాడు.

“క్యా హువా? ఝగడా?”

“నహీ బాబు.”

“తో?”

తవిటయ్య కారణం చెప్పలేదు. చెబితే జగ్గారావుని ఇంకెవరూ జోడీకి తీసుకోరు. ఖరగ్‌పూర్ మనిషికి జరిగిందే జరుగుతుంది. పైగా అతనికి ఇల్లుంది, పిల్లలున్నారు, అతను పైడమ్మ అన్న. “వొంట్లో బాగుండటం లేదు, గోతిలో ఊపిరాడటం లేదు” అన్నాడు. ముఖర్జీ బాబు నమ్మలేదు. కానీ అతన్ని బెంచి మీదకి మార్చాడు. కూర్చుని ఇత్తడి బేరింగులు గీకే పని. ఒంటరి పని. అక్కడ ఎవరి మాటా అక్కర్లేదు.

తవిటయ్య నోరు మూసుకున్నాడు. జగ్గారావు మూసుకోలేదు. నెల తిరక్కుండా షెడ్డంతా ఒకే కథ నడిచింది: పోటీలో ఓడిపోయాడు కాబట్టి తవిటయ్య బావ మీద కసి పెట్టుకున్నాడట, ఆ కడియం ఆలోచన మొదటినుంచీ జగ్గారావుదేనట, తవిటయ్య ఆకురాయి రుద్దాడంతేనట. టీ వేళల్లో కుర్రాళ్లు నవ్వుకుంటూ, కోపం దిగిందా అని హిందీలో అడిగేవారు, “చాచా, గుస్సా ఉతరా?” తవిటయ్య బేరింగు మీంచి తల ఎత్తేవాడు కాదు. కడియం పోయినందుకంటే ఎక్కువగా ఇది లోపల కోసింది. తను ఎవరి పరువు కాపాడటానికి అబద్ధమాడాడో, ఆ మనిషే ఆ అబద్ధాన్ని తన మీదకి తిప్పాడు.

పైడమ్మ మధ్యలో నలిగింది. ఓరోజు అన్నం వడ్డిస్తూ అంది:

“ఇనప ముక్క కోసం మా అన్నని ఒగ్గేసినావని అందరూ అంతన్నారు మావా.”

“నువ్వేటంతన్నావు?”

“నాను ఆ దినం గుమ్మంలోనే ఉన్నాను. నా సెవులతో ఇన్నాను. మొన్న ఆడింటికెల్లి అడిగినాను. ‘మా మావ బెంచీ మీద కూకున్నాడు, ఎందుకు కూకున్నాడో సెప్పు అన్నా’ అని. మా వొదిన కాఫీ ఇచ్చింది. ఆడు బదులు సెప్పలేదు. ఆ కాఫీ నాను తాగలేదు.”

తవిటయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. తర్వాత తినేశాడు.

బండిని ఇంటి వెనక తాటాకుల కింద నిలబెట్టాడు. చాలాకాలం దాని జోలికి పోలేదు. కడియం మళ్లీ చెయ్యడం కష్టం కాదు, కొలతలన్నీ చేతిలోనే ఉన్నాయి. కానీ లేతు ముందు నిలబడితే చెయ్యి కదిలేది కాదు. మొదటిది చేస్తున్నప్పుడు పక్కన బీడీ వాసన ఉండేది, వంకర మాటలు ఉండేవి. ఆ పనిలోంచి ఆ మనిషిని తీసేసి చెయ్యడం ఎలాగో అతనికి తెలియలేదు. బలరామ్ మరుసటేడు కూడా గెలిచాడని విన్నాడు. ఆ మరుసటేడు కడియం సడలి విరిగిందనీ, సరిచెయ్యమంటే జగ్గారావుకి చేతకాలేదనీ, ఇప్పుడు అక్కడ అతనికి కుర్చీ వేయడం లేదనీ కూడా విన్నాడు. సంతోషం కలగలేదు. తన కొలత ఎక్కడ తప్పి విరిగిందా అని ఆలోచించాడు.

ఆ వానాకాలంలోనే లేతు మీద కొత్త కడియం తిప్పాడు. ఈసారి లోపలి కొలత ఇంకో వెంట్రుక తగ్గించాడు.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం డిమ్నా వెళ్దామని బయల్దేరాడు. బండికి తాళ్లు కట్టి జుగ్సలాయ్ నుంచి వస్తున్న ఇసుక లారీ మీదకి ఎక్కించాడు. పైడమ్మ తలకి కండువా చుట్టుకుని తనూ ఎక్కి కూర్చుంది.

“నువ్వెందుకు?”

“నా పెనం ఎలగున్నాదో సూసుకోవాల.”

వాగులో ఎవరూ లేరు. పోటీ లేదు, జెండాలు లేవు. మెట్లబండ మీద పశువుల కాపరి ఎవడో ఆరేసుకున్న గుడ్డ ఒకటి ఉంది. పైడమ్మ దాన్ని తీసి మడతపెట్టి పక్కన పెట్టింది.

ఈ ఆటలో ఒక చిక్కుంది. నడిపేవాడికి తన కాలు ఆనిందో లేదో సరిగ్గా తెలియదు. కళ్లు ముందు రాయి మీద ఉంటాయి. ఒళ్లంతా ఒకటే అదురు. చెప్పడానికి గట్టు మీద ఇంకొకడు ఉండాలి. సాధన చేసే రోజుల్లో ఖర్‌ఖాయి నది ఒడ్డున ఆ పని జగ్గారావు చేసేవాడు. దయ లేకుండా చెప్పేవాడు. “పెట్టినావు. ఎడమ కాలు. బొటనేలు ఆనింది, నాను సూసినాను.” తవిటయ్య కాదని వాదించినా ఒప్పుకునేవాడు కాదు. ఆ విషయంలో ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు తవిటయ్యకి అదే గుర్తొచ్చింది. అంత నిక్కచ్చిగా చూసిన మనిషే అంత పని ఎలా చేశాడు? రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయి?

పైడమ్మని బండ పక్కన నిలబెట్టాడు.

“నా కాళ్లే సూడు. ఇంకేటీ సూడొద్దు. నేలకి తగిల్నాయా నేదా, అంతే.”

“సరే.”

కిక్కు కొట్టాడు. ఈసారి పాదానికి బరువు తెలిసింది. గేసు కట్టేసి మొదటి బండకి ఆనించాడు. ఇంజను ఆగలేదు. చుట్టు చుట్టుకీ ఒక లాగు లాగుతూ, రాయి మీంచి రాయి మీదకి ఎక్కించింది. రెండో బండ దగ్గర బండి ఎడమకి ఒరిగింది. ఒరిగిన క్షణంలో చెప్పు కింద ఏదో తగిలినట్టయింది, కమ్మీయో రాయో తెలియలేదు. నడుము తిప్పి నిలదొక్కుకున్నాడు. మూడోది, నాలుగోది. పైకి వచ్చేశాడు. రెండేళ్లు కట్టి, ఇంకో మూడేళ్లు పక్కన పడేసిన బండి పైకి వచ్చేసింది.

ఇంజను ఆపకుండా వెనక్కి తిరిగి అడిగాడు.

“పెట్టినానా?”

పైడమ్మ రెండు చేతులూ మొహం మీంచి తీసింది.

“ఏటో మావా. రెండో రాయి కాడ నువ్వు ఒరిగిపోనావు. నాకు బయమేసింది. కళ్లు మూసీసుకున్నాను.”

తవిటయ్య ఇంజను ఆపాడు. పెట్టలేదని చెప్పేయవచ్చు ఆమె. చెప్పలేదు. తను ఎక్కాడో లేదో చెప్పగలిగినవాడు ఈ ఊళ్లో ఒక్కడే, వాడిని పిలవలేడు. పిలిస్తే వచ్చినా, ఆ మాట ఇక నమ్మలేడు.

బండిని చేత్తో పట్టుకుని, పక్కనున్న మట్టిదారిలో కిందికి దింపడం మొదలుపెట్టాడు.

“మళ్లీ ఎక్కుతాను. ఈసారి కళ్లు తెరిసి సూడు.”

“నీ కాళ్లు సూడమంతావా, పడిపోతే నిన్ను పట్టుకోమంతావా?” అంది పైడమ్మ, కండువా నడుముకి బిగించుకుంటూ. “రెండూ నా వల్ల కాదు. ఒకటే సెప్పు.”

“కాళ్లు సూడు” అన్నాడు తవిటయ్య.